పేషెంటు పక్కన ఉండేవాళ్ల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ ఉన్నవాళ్లవి కావు, వాళ్లని చూసుకుంటున్నవాళ్లవి. ఆస్పత్రిలో చికిత్స కొన్ని గంటలే. మందులు వేళకి వేయడం, ఒళ్లు తుడవడం, రాత్రి లేవడం, రిపోర్టులు సర్దుకోవడం ఇంట్లో ఎవరో ఒకరి మీద పడతాయి. ఆ పనులు ఎలా చెయ్యాలో కూర్చోబెట్టి నేర్పేవాళ్లు చాలా తక్కువ. అందుకే ఓదార్పు మాటలు తగ్గించి, పనికొచ్చే వివరాలకే చోటు ఎక్కువ ఇచ్చాం.

మా ఆయనకి పెద్దపేగు క్యాన్సర్. నాలుగు నెలలుగా కీమో నడుస్తోంది. రాత్రి మూడు నాలుగుసార్లు లేవాల్సి వస్తోంది. పగలు చిన్న మాటకే ఆయన మీద విసుక్కుంటున్నాను, తర్వాత నాకే ఏడుపొస్తోంది. అందరూ ధైర్యంగా ఉండమంటున్నారు. నాకు ఓర్పు తక్కువంటారా?

ఓర్పు సంగతి పక్కన పెట్టండమ్మా. నెలల తరబడి నిద్ర ముక్కలైపోతే ఎవరికైనా ముందు పోయేది కోపాన్ని ఆపుకునే శక్తే. మీ స్వభావంలో లోపమేమీ లేదు. మీ మీద పడ్డ పని ఒక మనిషి చెయ్యగలిగినదానికంటే ఎక్కువైంది.

ఈ భారాన్ని కొలవడానికి సాధనాలున్నాయి. జారిట్ అనే పరిశోధకుడి పేరుతో 22 ప్రశ్నల పట్టిక ఒకటి వాడుకలో ఉంది. మొదట మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లని చూసుకునే కుటుంబాల కోసం తయారు చేశారు, తర్వాత క్యాన్సర్ కుటుంబాలకీ వాడుతున్నారు. ఒక్కో ప్రశ్నకి 0 నుంచి 4 దాకా మార్కులు, మొత్తం 88. స్కోరు 40 దాటితే భారం గట్టిగానే ఉందనీ, 60 దాటితే తీవ్రమనీ లెక్క. క్యాన్సర్ రోగుల కుటుంబాల కోసమే 1999లో వచ్చిన 35 ప్రశ్నల పట్టిక మరొకటి ఉంది. అందులో భారంతో పాటు రోజువారీ జీవితం ఎంత చెదిరింది, డబ్బు దిగులు ఎంత, పరిస్థితికి ఎంతవరకు అలవాటు పడ్డారు అనేవి కూడా అడుగుతారు. మీ ఆస్పత్రిలో సోషల్ వర్కరో, కౌన్సెలరో, పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధలు తగ్గించే వైద్యం) నర్సో ఉంటే "నాకు కూడా ఒకసారి స్కోరు చూడండి" అని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

ఇంట్లోనే చూసుకోగలిగిన చిన్న పరీక్ష కూడా ఒకటుంది. గత రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఎన్ని రోజులు ఉంది? దిగులుగా, దారి తోచనట్టు ఎన్ని రోజులు ఉంది? అసలు లేకపోతే 0, కొన్ని రోజులైతే 1, సగం రోజుల కంటే ఎక్కువైతే 2, దాదాపు రోజూ అయితే 3. రెండూ కలిపి 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మీకోసం మీరు డాక్టర్‌ని కలవాలి. చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా స్కోరుతో పని లేదు, ఆ రోజే ఎవరికైనా చెప్పండి.

ఇక నిద్ర. ముందు రాత్రి ఎందుకు లేవాల్సి వస్తోందో మూడు రోజులపాటు కాగితం మీద టైముతో సహా రాయండి. రాస్తేనే కారణం బయటపడుతుంది. కీమోతో పాటు వాంతులు తగ్గడానికి డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ ఇస్తుంటారు. ఆ మాత్ర సాయంత్రమో రాత్రో పడితే మనిషికి కంటిమీద కునుకు ఉండదు, చిరాకు కూడా పెరుగుతుంది. రెండో మోతాదుని మధ్యాహ్నం లోపలే వేయొచ్చా అని డాక్టర్‌ని అడగండి. మూత్రం ఎక్కువ అయ్యే మాత్ర ఏదైనా ఉంటే దాన్ని పొద్దునకి మార్చమనండి. నొప్పి వల్ల లేస్తుంటే పడుకునేటప్పుడు వేసే మోతాదు చాలట్లేదని అర్థం. మూత్రానికే అయితే మంచం పక్కనే యూరిన్ బాటిల్, సన్నగా వెలిగే దీపం పెడితే ఒకటి రెండుసార్లు మీరు లేవనక్కర్లేకుండా ఆయనే చూసుకోగలరు. అయితే ఆయన తూలిపడకుండా నిలబడగలరనుకుంటేనే.

ఇంట్లో మరో మనిషి ఉంటే రాత్రిని రెండుగా పంచుకోండి. పది నుంచి రెండున్నర దాకా ఒకరు, రెండున్నర నుంచి ఏడు దాకా ఇంకొకరు. డ్యూటీలో లేనివాళ్లు వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోవాలి. పక్క మంచం మీదే పడుకుంటే డ్యూటీ ఎవరిదైనా ఇద్దరికీ మెలకువే. కనీసం నాలుగైదు గంటలు తెగకుండా నిద్ర పట్టడం ముఖ్యం. ఎనిమిది గంటలు మంచం మీద దొర్లినా, గంటకోసారి లేచినవాళ్లకి ఆ విశ్రాంతి రాదు. ఎవరూ లేకపోతే వారంలో రెండు రాత్రులైనా ఒక బంధువునో, జీతానికి మనిషినో పెట్టుకోమని గట్టిగా చెబుతున్నాం. ఈ ఖర్చుని విలాసం అనుకోవద్దు, మందుల ఖర్చులో కలిపేసుకోండి.

ఒక విషయం మీకు తెలియాలి. 1999లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, జబ్బుపడ్డ భర్తనో భార్యనో చూసుకుంటున్న 66 ఏళ్లు పైబడ్డవాళ్లని నాలుగేళ్లపాటు గమనించారు. చూసుకుంటూ అందులో నలిగిపోతున్నామని చెప్పినవాళ్లలో మరణించే ముప్పు, అలాంటి బాధ్యత లేనివాళ్లతో పోలిస్తే 63 శాతం ఎక్కువగా కనిపించింది. చూసుకుంటున్నా నలిగిపోవట్లేదన్నవాళ్లలో అంత పెరుగుదల లేదు. వాళ్లంతా క్యాన్సర్ కుటుంబాలు కారు, వయసులోనూ పెద్దవాళ్లు. అయినా మనిషిని తినేసేది సేవ కాదు, ఊపిరాడనివ్వని భారం అని దాన్నిబట్టి అర్థమవుతుంది. మీ బీపీ మాత్రలు, షుగర్ పరీక్ష, ఏడాదికోసారి చేయించుకునే చెకప్ వాయిదా పడ్డాయేమో ఈ వారమే చూసుకోండి. ఆయన్ని తీసుకెళ్లిన రోజే అదే ఆస్పత్రిలో మీ బీపీ కూడా చూపించుకోవచ్చు.

అమ్మ మంచం పట్టి ఆరు వారాలైంది. నేనొక్కణ్ణే పక్క మారుస్తాను. నా నడుం పట్టేసింది. తుంటి దగ్గర ఎర్రగా కనిపిస్తోంది. మర్దన చేస్తే తగ్గుతుందా?

మర్దన వద్దు. ఆ ఎరుపు పడక పుండుకి తొలి మెట్టు కావచ్చు. అక్కడ వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే రక్తప్రసరణ ఇంకా ఉంది. ఆ పక్కన భారం పడకుండా చూస్తే కొన్ని గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో సర్దుకుంటుంది. నొక్కినా తెల్లబడకపోతే లోపల కణజాలం దెబ్బతినడం మొదలైనట్టే, నర్సుకి చూపించాలి. చర్మం నల్లగా ఉన్నవాళ్లలో ఎరుపు సరిగా తెలియదు. చుట్టూ ఉన్న చోటుకంటే వెచ్చగానో, గట్టిగానో, మెత్తబడినట్టో ఉందా అని తాకి చూడాలి. రుద్దితే ఇప్పటికే నలిగిన సన్నని రక్తనాళాలు ఇంకా చిట్లుతాయి. మధ్యలో రంధ్రం ఉన్న రింగు దిండు కూడా మంచిది కాదు, దాని అంచు ఒత్తి చుట్టూ రక్తం అందకుండా చేస్తుంది.

ఒక్కరే పక్క మార్చాలంటే ఇలా చెయ్యండి. ముందుగా వెన్నెముకకో, తొడ ఎముకకో క్యాన్సర్ పాకిందేమో డాక్టర్‌ని అడగండి. పాకి ఉంటే తల, నడుం, కాళ్లు ఒకే వరసలో ఉంచి తిప్పాలి, దానికి ఇద్దరు ముగ్గురు కావాలి. అలాంటిదేమీ లేకపోతే అమ్మని ఏ వైపు తిప్పుతారో మీరు ఆ వైపే నిలబడండి. ముందు ఆవిడ ఒంటిని మంచానికి అవతలి అంచు వైపు కొంచెం జరపండి, లేకపోతే తిరిగాక ఇవతలి అంచుకి వచ్చేస్తారు. మీకు దూరంగా ఉన్న చేతిని ఛాతీ మీదకి పెట్టండి, ఆ వైపు మోకాలు మడిచి పైకి నిలపండి. ఒక చెయ్యి అవతలి భుజం వెనక, రెండోది అవతలి తుంటి వెనక వేసి, మీ ముందు కాలి మీద ఉన్న బరువుని వెనక కాలి మీదకి మార్చండి. ఆ కదలికకే మనిషి మీ వైపు తిరుగుతారు. చేతులతో లాగక్కర్లేదు, నడుం వంచక్కర్లేదు.

పూర్తిగా పక్కకి, తుంటి ఎముక మీద పడుకోబెట్టకండి. వీపు వెనక దిండు పెట్టి ముప్ఫై డిగ్రీల ఏటవాలు చాలు. సరిగా ఉందో లేదో తెలియాలంటే కింది తుంటి దిగువన మీ చెయ్యి దూర్చి చూడండి, ఎముక నేరుగా పరుపుని ఒత్తకూడదు. మోకాళ్ల మధ్య ఒక దిండు. పిక్కల కింద ఇంకొకటి పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూడండి. మడమ పుండు మానడం చాలా కష్టం.

పైకి జరపడానికి చంకల్లో చేతులు పెట్టి లాగొద్దు. అలా లాగితే ఆవిడ వీపు చర్మం పరుపుకి రాసుకుపోతుంది, మీ నడుమూ పోతుంది. ఒక దుప్పటిని మడిచి భుజాల దగ్గర్నుంచి తొడల సగం దాకా వచ్చేలా ఒంటి కింద పరవండి. ఇద్దరు చెరోవైపు నిలబడి దుప్పటి అంచుని ఒంటికి దగ్గరగా చుట్టి పట్టుకుని, మంచం తలవైపు చదునుగా చేసి, ఒకరు మూడు దాకా లెక్కపెడితే ఇద్దరూ ఒకేసారి కొంచెం లేపి జరపాలి. ఇది రోజుకి రెండు మూడుసార్లు పడే పని. పక్కింటివాళ్లని పిలవడానికి వెనకాడొద్దు. మంచం ఎత్తు మీ నడుం దాకా ఉంటే మేలు. తక్కువ ఎత్తు మంచమైతే ఒక మోకాలు మంచం మీద పెట్టి పని చెయ్యండి, వంగడం సగం తగ్గుతుంది. పక్క మార్చేటప్పుడు ఆవిడకి నొప్పి ఉంటే, నొప్పి మాత్ర వేసిన అరగంట ముప్పావుగంట తర్వాత మార్చండి.

పగలు రెండు గంటలకోసారి మార్చాలన్నది మామూలు నియమం. మంచి దట్టమైన ఫోమ్ పరుపు ఉండి, చర్మం బాగుంటే రాత్రిళ్లు నాలుగు గంటల దాకా పొడిగించవచ్చు. కానీ ఎరుపు ఉన్నప్పుడు కాదు, నర్సుని అడిగాకే. గాలి పరుపు వాడుతుంటే దానిమీద రబ్బరు షీటూ, రెండు మూడు మడతల దుప్పట్లూ వెయ్యకండి. వేస్తే గాలి పరుపు కొన్న ప్రయోజనమే ఉండదు. తుంటి ఉన్నచోట పరుపు కింద అరచెయ్యి పెట్టి చూడండి, మీ చేతికీ ఎముకకీ మధ్య కనీసం ఒక అంగుళం మందం తెలియాలి. తెలియకపోతే గాలి చాలలేదు.

అమ్మకి ఒళ్లు తుడవాల్సి రావడం కొడుకుగా మీకూ, ఆవిడకీ ఇబ్బందిగా ఉండొచ్చు. తుడిచే భాగం తప్ప మిగతా ఒంటి మీద దుప్పటి తియ్యకుండా, ముందే చెప్పి చెయ్యండి. మర్మస్థానాల వరకు ఆవిడ చేతికే తడి గుడ్డ ఇచ్చి మీరు చెయ్యి పట్టి సాయం చేస్తే సరిపోతుంది.

మామగారికి మార్ఫిన్ రాశారు. అలవాటు పడిపోతారని, ప్రాణం పోతుందని ఇంట్లో అందరికీ భయం. నొప్పి భరించలేనప్పుడే వేస్తున్నాం. రాత్రంతా ఆయన మూలుగుతుంటే ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

మీ ఇబ్బందికి మూలం ఆ "భరించలేనప్పుడే వేయడం" లోనే ఉంది. మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది సుమారు నాలుగు గంటలే. నొప్పి బాగా ముదిరాక వేస్తే దాన్ని దించడానికి ఎక్కువ మందూ, ఎక్కువ సమయమూ పడుతుంది. అందుకే నొప్పి ఉన్నా లేకపోయినా గడియారం చూసి వేయాలి. చాలామంది డాక్టర్లు రాత్రి పడుకునేటప్పుడు రెట్టింపు మోతాదు రాస్తారు, అర్ధరాత్రి దాటాక లేచి వేయక్కర్లేకుండా. మీ చీటీలో ఆ మాట లేకపోతే అడిగి రాయించుకోండి. మీ అంతట మీరు రెట్టింపు చెయ్యొద్దు.

మధ్యలో నొప్పి పొడుచుకొస్తే వేయడానికి అదనపు మోతాదు ఉంటుంది. మామూలుగా అది రోజు మొత్తం మోతాదులో ఆరో వంతు. ఉదాహరణకి నాలుగు గంటలకోసారి 10 మిల్లీగ్రాములు అంటే రోజుకి 60, కాబట్టి అదనపు మోతాదు 10. రోజుకి మూడు నాలుగు అదనపు మోతాదులు అవసరమవుతుంటే అసలు మోతాదు పెంచాలని అర్థం. ఆ లెక్క డాక్టరుకి అందాలంటే ఒక నోటుబుక్కులో నాలుగు గడులు గీయండి: టైము, 0 నుంచి 10 లో నొప్పి ఎంత, ఏం వేశారు, గంట తర్వాత నొప్పి ఎంత. ఈ పేజీ ఫోటో పంపితే చాలాసార్లు ఫోన్లోనే మోతాదు సరిచేస్తారు, ఆస్పత్రికి ఒక ప్రయాణం తప్పుతుంది.

మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది, మిగతా ఇబ్బందుల్లా రోజులు గడిచేకొద్దీ తగ్గదు. అందుకే మార్ఫిన్ మొదలైన రోజే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా మొదలవ్వాలి. చీటీలో లేకపోతే అడగండి. పొట్ట ఉబ్బి, మూడు రోజులు విరేచనం కాకపోతే ఫోన్ చెయ్యండి. మత్తు, వికారం మొదటి కొద్ది రోజులు ఉండి సాధారణంగా తగ్గిపోతాయి. ఆ రెండు మూడు రోజులు ఎక్కువ నిద్రపోతే మందు విషం అయిందనుకోకండి, నొప్పితో ఇన్నాళ్లు పోగుపడ్డ నిద్ర అది. పిలిస్తే లేవాలి, మాట్లాడాలి. పిలిచినా కదిపినా లేవకపోయినా, ఊపిరి నిమిషానికి ఎనిమిది సార్లకంటే తగ్గినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కిడ్నీలు సరిగా పనిచేయనివాళ్లలో మార్ఫిన్ ఒంట్లో పేరుకుంటుంది, ఆ రిపోర్టు డాక్టరు చూశారో లేదో అడగండి. పన్నెండు గంటలు పనిచేసే రకం మాత్రని నూరకూడదు, నమలకూడదు. పన్నెండు గంటల మందు ఒకేసారి ఒంట్లోకి దిగిపోతుంది.

క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పినట్టు వాడే మార్ఫిన్ వ్యసనంగా మారడం అరుదు. నెలలు వాడాక హఠాత్తుగా ఆపితే ఒళ్లు ఇబ్బంది పడుతుంది, అది వ్యసనం కాదు, నెమ్మదిగా తగ్గిస్తే సరిపోతుంది. పాలియేటివ్ కేర్ అంటే చేతులెత్తేయడమే అన్న మాట కూడా మీ ఉత్తరంలో ఉంది. 2010లో అమెరికాలో, పాకిపోయిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందితో చేసిన అధ్యయనంలో కొందరికి మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచే పాలియేటివ్ కేర్ ఇచ్చారు. వాళ్లలో దిగులు తగ్గింది, జీవన నాణ్యత మెరుగుపడింది, మధ్యస్థ ఆయుష్షు (సగం మంది అంతకు మించి బతికిన కాలం) కూడా 8.9 నెలలకి బదులు 11.6 నెలలుగా తేలింది. కాబట్టి ఆ విభాగానికి ఆఖరి వారాల్లో వెళ్లడం కంటే ఇప్పుడే వెళ్లడం మేలు.

అక్కకి కీమో ఇస్తున్నారు, నేను తోడుగా ఉంటున్నాను. నాకిప్పుడు మూడో నెల. ఆమె వాంతి, బట్టలు శుభ్రం చేయొచ్చా? ఆమెకి జ్వరమొస్తే ఏం చేయాలి?

మీరు ఆ పని చేయొద్దు. కీమో మందులు, వాటి అవశేషాలు మూత్రం, మలం, వాంతి, చెమటలో సాధారణంగా 48 గంటల దాకా బయటికి వస్తాయి, కొన్ని మందులకి ఇంకా ఎక్కువ. గర్భంతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు వాటిని ముట్టుకోకూడదు. ఇంట్లో వేరేవాళ్లు చేతికి తొడుగులు వేసుకుని తుడవాలి, తొడుగులు తీశాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మరుగుదొడ్డి మూత వేసి రెండుసార్లు నీళ్లు వదలాలి. తడిసిన బట్టల్ని మిగతావాటితో కలపకుండా రెండుసార్లు ఉతకాలి. కీమో మాత్రలైతే వాటిని చేత్తో పట్టుకోవద్దు, విరవొద్దు, డబ్బా మూతలోకి ఒంపి ఆమె నోట్లోనే వేసుకోవాలి. అక్కని కావలించుకోవచ్చు, పక్కన కూర్చోవచ్చు, కలిసి తినొచ్చు. భయపడాల్సింది మందు గురించే, మనిషి గురించి కాదు.

జ్వరం మాటకొస్తే ఇది బాగా గుర్తుంచుకోండి. కీమో ఇచ్చిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా సాధారణంగా తెల్ల రక్తకణాలు బాగా తగ్గి ఉంటాయి. అప్పుడు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్, వచ్చిందంటే అర్ధరాత్రైనా ఫోన్ చేసి ఆస్పత్రికి బయల్దేరాలి. పొద్దున చూద్దామనుకోవద్దు. వెళ్లిన గంటలోపే యాంటీబయాటిక్ పడాలన్నది లక్ష్యం. ఎక్కువ ఇళ్లలో జరిగే పొరపాటు, ముందు పారాసెటమాల్ వేసి చూడటం. జ్వరం దిగినట్టు కనిపిస్తుంది, లోపల ఇన్‌ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది. మాత్ర కంటే ముందు థర్మామీటర్ పెట్టండి. జ్వరం లేకపోయినా వణుకు వచ్చినా, మనిషి తికమకగా మాట్లాడినా అంతే తొందర కావాలి. చివరి కీమో తేదీ, మందుల పేర్లు, ఆస్పత్రి అత్యవసర నంబరు ఒక కాగితం మీద రాసి సంచిలో పెట్టి ఉంచండి. ఆ సమయానికి ఇంట్లో ఎవరున్నా ఆ కాగితం చాలు.

నాన్నని చూసుకునే పని మొత్తం నాదే. అన్నయ్య దూరంగా ఉంటాడు. రోజూ ఫోన్ చేసి సలహాలిస్తాడు, "ఏదైనా కావాలంటే చెప్పు" అంటాడు. నాకు ఒళ్లు మండిపోతోంది.

ఏం కావాలో ఆలోచించి, చెప్పి, గుర్తుచేసే పని కూడా మీ మీదే పడుతోంది కదా, మంట అందుకే. కాబట్టి ఈసారి అడిగినప్పుడు పూర్తిగా అప్పగించండి. దూరంగా ఉండి చేయగలిగిన పని చాలా ఉంది: ఇన్సూరెన్స్ కాగితాలు, బిల్లులు, డాక్టర్ అపాయింట్‌మెంట్లు తీసుకోవడం, ఏ మందైనా ఏడు రోజులకి సరిపడా మాత్రమే మిగిలినప్పుడు ఆర్డర్ పెట్టడం, బంధువులకి వారానికి రెండుసార్లు ఒకే మెసేజ్‌తో కబురు చెప్పడం. చివరిది చిన్నదిగా అనిపిస్తుంది గానీ రోజుకి పది ఫోన్లకి అదే కథ చెప్పడం మనిషిని పీల్చేస్తుంది. డాక్టర్‌ని కలిసినప్పుడు అన్నయ్యని వీడియో కాల్‌లో పెట్టండి. ప్రశ్నలు అప్పుడే అడుగుతాడు, తర్వాత మీ నిర్ణయాన్ని తప్పుపట్టే అవకాశం తగ్గుతుంది.

"వీలైనప్పుడు వస్తా" అనే మాటకి ఒప్పుకోకండి. తేదీలు ఖాయం చేయండి. వచ్చిన వారం రోజులూ రాత్రి డ్యూటీ అన్నయ్యదే, మీరు ఇంట్లో ఉండొద్దు, ఉంటే పని మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. అప్పగింతకి ఒక పేజీ రాసిపెట్టండి: ఏ మందు ఎప్పుడు, ఏం తింటారు, ఎలా కూర్చోబెట్టాలి, ఏ లక్షణం కనిపిస్తే ఎవరికి ఫోన్. మీరు చేసినంత బాగా చెయ్యరు, నిజమే. మందులు, పడిపోకుండా చూడటం ఈ రెండూ సరిగా జరిగితే మిగతా తేడాల్ని చూసీ చూడనట్టు వదిలేయండి.

మా ఆయనేమీ తినడం లేదు. బతిమాలి బతిమాలి నాలుగు చెంచాలు పెడుతున్నాను, అదీ కక్కేస్తున్నారు. నా చేతులారా ఆకలితో చంపుతున్నానా?

లేదు. ముదిరిన క్యాన్సర్‌లో ఒంట్లో జరిగే మార్పుల వల్లే ఆకలి చచ్చిపోతుంది, కండ కరిగిపోతుంది. తిండి తక్కువై జబ్బు ముదరడం లేదు, జబ్బు ముదరడం వల్లే తిండి లోపలికి పోవట్లేదు. చికిత్స ఇంకా నడుస్తుంటే మాత్రం చేయగలిగింది ఉంది. ఆరు నెలల్లో బరువు ఐదు శాతం కంటే తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలకి పైన తగ్గితే, డాక్టరుకి చెప్పండి. రోజుకి మూడు పూటలకి బదులు కొంచెం కొంచెంగా ఆరుసార్లు, పొద్దున పూట ఎక్కువగా, వేడి వాసన తగలకుండా చల్లారినవి పెట్టండి. నోటిపూత ఉందేమో టార్చి వేసి చూడండి. ఉంటే ఒక కప్పు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా వంటసోడా, చెంచాలో ఎనిమిదో వంతు ఉప్పు కలిపి రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలించాలి, మింగకూడదు. వాంతులు, మలబద్ధకం, నొప్పి ఈ మూడూ తగ్గకుండా ఆకలి రాదు.

ఆఖరి రోజుల్లో అయితే బలవంతం వద్దు. మగతలో ఉన్న మనిషికి పోసింది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. తడి దూదితో పెదాలు, నాలుక తడపండి. అది కూడా పెట్టడమే.

నాన్నకి క్యాన్సర్ అని చెప్పలేదు. పెద్దవాళ్లు వద్దన్నారు. "రిపోర్టులో ఏముంది?" అని నన్నే అడుగుతున్నారు. అబద్ధం చెప్పలేక ఆయన గదిలోకి వెళ్లడం తగ్గించాను.

దాచడం కూడా ఒక పనే, రోజంతా చెయ్యాల్సిన పని. రిపోర్టులు దాచాలి, వచ్చేవాళ్లకి ముందే చెప్పాలి, మొహం మార్చుకుని లోపలికి వెళ్లాలి. పైగా ఆస్పత్రి విభాగం బోర్డు, పక్క మంచం మనిషి మాట, మందు పేరు ఫోన్లో వెతకడం, ఇన్ని దారులున్నాక రహస్యం ఎక్కువ రోజులు ఆగదు. చాలామంది రోగులకి తెలిసిపోతుంది, ఇంట్లోవాళ్లు బాధపడతారని తెలియనట్టు ఉంటారు. ఒకే ఇంట్లో అందరూ ఒంటరివాళ్లయిపోతారు.

మీరొక్కరే ఒక్కసారిగా చెప్పేయనక్కర్లేదు. ముందు ఆయన ఎంత తెలుసుకోవాలనుకుంటున్నారో కనుక్కోండి. ఈసారి అడిగినప్పుడు "మీకేమనిపిస్తోంది నాన్నా?" అని అడిగి ఆగండి. ఆయన చెప్పింది వినండి. "అన్నీ వివరంగా తెలుసుకోవాలని ఉందా, మేం చూసుకుంటే చాలా?" అన్నది రెండో ప్రశ్న. వద్దంటే ఆ కోరికనీ గౌరవించాలి. తెలుసుకోవాలంటే, పెద్దవాళ్లతో కలిసి డాక్టర్‌ని ఇరవై నిమిషాలు విడిగా సమయం అడగండి, వార్డులో నిలబడి కాదు. చెప్పే బాధ్యత డాక్టర్‌ది, పక్కన చెయ్యి పట్టుకుని కూర్చునే బాధ్యత మీది. "ఆశ వదులుకుంటారు" అని పెద్దవాళ్లు అంటే, నొప్పి తగ్గించడం, ఇంట్లో ఉంచడం, ఎవరెవర్ని చూడాలనుకుంటున్నారు అనే నిర్ణయాలు ఆయన తెలివిలో ఉన్నప్పుడే తీసుకోగలరని చెప్పి చూడండి.

అమ్మ పోయి మూడు నెలలైంది. ఇప్పటికీ రాత్రి రెండింటికి మెలకువ వస్తోంది, మందు టైమయిందేమోనని. చివర్లో "ఇక చాలు దేవుడా" అనుకున్నాను. అది తలచుకుంటే ఊపిరాడదు.

బాధ ముగియాలని కోరుకోవడం, మనిషి పోవాలని కోరుకోవడం ఒకటి కావు. చివరి రోజుల్లో పక్కన కూర్చున్నవాళ్లలో చాలామందికి ఆ ఆలోచన వస్తుంది, పైకి చెప్పేవాళ్లు తక్కువ. రెండింటికి మెలకువ రావడం నెలల అలవాటు ఒంట్లోంచి ఇంకా పోకపోవడం వల్లే. మెలకువ వచ్చి ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టకపోతే మంచం దిగి వేరే గదిలో కూర్చోండి, నిద్ర వచ్చాకే మళ్లీ పడుకోండి. పొద్దున లేచే టైము మాత్రం మార్చకండి. పగలు పని ఒక్కసారిగా లేకుండా పోయింది కాబట్టి రోజుకి బయటికి వెళ్లే ఒక పనిని టైముతో సహా పెట్టుకోండి.

మూడు నెలల దుఃఖం జబ్బు కాదు. అయితే ఆరు నెలలు దాటినా రోజు గడవనంత తీవ్రంగా తపన, నమ్మలేకపోవడం, తప్పు నాదే అన్న భావన అలాగే ఉంటే అది చికిత్స అవసరమైన స్థితి కావచ్చు, మానసిక వైద్యుల్ని కలవాలి. తినడం మానేస్తే, మత్తు మందుల మీదో మద్యం మీదో ఆధారపడుతుంటే, బతకాలనిపించకపోతే ఆరు నెలలు ఆగక్కర్లేదు. అమ్మకి వైద్యం చేసిన డాక్టర్‌నో నర్సునో ఒకసారి కలిసి "ఆ చివరి మోతాదు వల్లేనా?" లాంటి మనసులో తొలిచే ప్రశ్నలు సూటిగా అడగండి. వైద్యులు ఇచ్చే స్పష్టమైన జవాబుతో చాలా అపరాధభావం తగ్గుతుంది.

మందుల డబ్బాలో మార్ఫిన్, నిద్ర మాత్రలు ఇంకా ఉంటే ఈ వారమే తీసుకెళ్లి ఆస్పత్రి ఫార్మసీలోనో పాలియేటివ్ కేర్ విభాగంలోనో తిరిగి ఇచ్చేయండి. నిద్ర పట్టని రాత్రుల్లో అవి చేతికందే దూరంలో ఉండకూడదు. వెళ్లేటప్పుడు తోడుగా ఒకరిని తీసుకెళ్లండి, ఆ వార్డు మెట్లు ఒంటరిగా ఎక్కక్కర్లేదు.